ఆ మనిషి తూర్పుకు, ఈ మనిషి దక్షిణానికి: జపనీసు నుంచి జర్మన్‌లోకి అనువాదం, నా అనుభవం

జపనీసు రచయిత్రి హిగుచి ఇచియో రాసిన ‘పదమూడో రాత్రి’ కథలోని చివరి వాక్యాన్ని నేను మొదటిసారి జర్మన్‌లోకి తెచ్చింది 1997 శీతాకాలంలో, హాంబుర్గ్ విశ్వవిద్యాలయంలో ఒక సెమినార్ కోసం. అదే వాక్యం నా పేరుతో అచ్చులోకి వెళ్ళింది 2019లో. ఆ రెండింటి మధ్య ఒక డాక్టరేటు, ఏడేళ్ళ తాత్కాలిక ఉద్యోగం, ఎనిమిది అనువాద పుస్తకాలు, అంతకు రెట్టింపు తిరస్కారాలు ఉన్నాయి. జర్మనీలో చదువుకుంటున్న తెలుగు పిల్లలు ఇద్దరు ముగ్గురు, ఈ పనిలోకి ఎలా వచ్చారు, ఇందులో బతకడం సాధ్యమేనా అని అడిగారు. వాళ్ళకు ముక్కలు ముక్కలుగా చెప్పిన సంగతులనే ఇక్కడ ఒక వరుసలో రాస్తున్నాను.

మా నాన్నగారిది విశాఖపట్నం. ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి, చివరికి హాంబుర్గ్ రేవులో ఒడ్డు ఉద్యోగం దొరికితే 1983లో మమ్మల్ని తీసుకువెళ్ళారు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. బడిలో జర్మన్, ఇంట్లో తెలుగు. భీమిలిలో ఉన్న అమ్మమ్మకు నెలకో ఉత్తరం నా చేతే రాయించేది అమ్మ. తప్పులు దిద్ది, మళ్ళీ శుభ్రంగా ఎత్తి రాయించి, అప్పుడు పోస్టు చేసేది. నా తెలుగు నిలిచింది ఆ ఉత్తరాల వల్లనే. ఈ సంగతి ఇక్కడ ఎందుకంటే, నా జపనీసు కూడా ఒక రకంగా ఆ ఉత్తరాల మీదనే నిలబడింది.

పదో తరగతిలో నా పక్కన ఒక జపనీసు అమ్మాయి కూర్చునేది. ఆమె తండ్రి ఏదో జపాన్ కంపెనీ తరఫున వచ్చారు. ఒకరోజు ఆమె తన భాషలో ఒక వాక్యం రాసి, ఒక్కో ముక్కకూ కింద జర్మన్ అర్థం వేసి చూపించింది. ‘నిన్న వచ్చిన మనిషి రేపు కూడా వస్తానని చెప్పాడు’ అని ఆ వాక్యం. జర్మన్ అర్థాలు తలకిందులుగా, అతకని ముక్కల్లా కనిపించాయి. వాటి కింద నేను తెలుగు మాటలు వేసుకుంటూ పోతే ఒక్క ముక్కనూ దాని చోటు నుంచి కదపవలసిన అవసరం రాలేదు. నిన్న, వచ్చిన, మనిషి, రేపు, కూడా, వస్తాను, అని, చెప్పాడు. ‘అని’ ఉన్న చోట జపనీసులో ‘తో’ అనే చిన్న అక్షరం. తరువాత చదువులో తెలిసింది, ఓనో సుసుము అనే భాషావేత్త జపనీసుకు తమిళంతో చుట్టరికం ఉందని చాలా కాలం వాదించారని, భాషాశాస్త్రజ్ఞులలో ఎక్కువమంది దానిని అంగీకరించలేదని. చుట్టరికం లేకపోయినా ఇరుగుపొరుగు ఇళ్ళ గదులు ఒకే తీరున ఉండవచ్చు. నాకు ఆ ఇంట్లో దీపం లేకుండా నడవగలనన్న ధైర్యం ఆ రోజే కలిగింది.

1993లో హాంబుర్గ్‌లోనే జపనాలజీలో, అంటే జపాన్ భాషా సాహిత్యాల అధ్యయనంలో చేరాను. జర్మనీలో ఈ విషయానికి మొదటి ఆచార్య పీఠం అక్కడే, 1914లో ఏర్పడింది. టోక్యో సామ్రాజ్య విశ్వవిద్యాలయంలో ఇరవై అయిదేళ్ళు పనిచేసి తిరిగివచ్చిన కార్ల్ ఫ్లోరెంజ్ ఆ పీఠాన్ని అధిష్ఠించారు. ఆయన 1906లో ప్రచురించిన జపనీసు సాహిత్య చరిత్ర మా గ్రంథాలయంలో, వాడి వాడి అంచులు నలిగిపోయి ఉండేది. అంతకంటే ముందుతరం మరొకటి ఉంది. వియన్నాలో ఆగస్ట్ ఫిట్స్‌మాయర్ 1847లోనే ర్యూతెయ్ తానెహికో రాసిన ఒక కథను జర్మన్‌లోకి తెచ్చారు. యూరోపు భాషల్లోకి వచ్చిన మొదటి జపనీసు నవలగా దానినే చెబుతారు. ఆయన జపాన్ ముఖం ఎన్నడూ చూడలేదు, సరైన నిఘంటువు కూడా ఆయనకు లేదు. ఆ పుస్తకం పునర్ముద్రణను నేను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు తప్పులు వెదకాలనిపించలేదు. ఒక్కో అక్షరాన్నీ ఆయన ఎన్ని రాత్రులు పట్టుకు కూర్చున్నారో అన్న ఆలోచనే వచ్చింది.

మాకు పాఠం చెప్పిన ఆచార్యులు ఓస్కార్ బెన్ల్ శిష్యులు. హాంబుర్గ్‌లోనే ఆచార్యులుగా ఉన్న బెన్ల్, వెయ్యేళ్ళనాటి జపనీసు నవల ‘గెంజి గాథ’ను మూలం నుంచి నేరుగా జర్మన్‌లోకి అనువదించి 1966లో ప్రచురించారు. అంతకు ముందు 1937లో వచ్చిన జర్మన్ గెంజి, ఆర్థర్ వేలీ ఇంగ్లీషు అనువాదానికి అనువాదం. మా ఆచార్యులు రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, అదే అధ్యాయాన్ని మాచేత రెండింటిలోనూ చదివించి, ఆ తరువాత మూలం తెరిచేవారు. వేలీ గొప్ప శైలీకారుడు. ఆయన తన ఇంగ్లీషు వాక్యం కోసం చేసుకున్న మార్పులు మాత్రం జర్మన్‌లోకి వచ్చేసరికి మూలరచయిత్రి మురాసాకి షికిబువే అన్నట్టు స్థిరపడిపోయాయి. మధ్యలో ఒక భాష ఉంటే ఏమి జరుగుతుందో సిద్ధాంతంగా ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. మన తెలుగులో జపాన్ పుస్తకాలు ఇంగ్లీషు మీదుగానే ఎక్కువగా వచ్చాయి కనుక, ఆ తరగతి నాకు ఇప్పటికీ గుర్తుకు వస్తూ ఉంటుంది.

మొదటి రెండేళ్ళు కంజితోనే, అంటే జపనీసు రాతలో వాడే చీనా అక్షరాలతోనే గడిచాయి. నిత్యవ్యవహారానికి ప్రభుత్వం నిర్ణయించిన పట్టికలో అప్పుడు 1945 అక్షరాలు ఉండేవి, 2010 సవరణ తరువాత 2136 అయ్యాయి. సాహిత్యం చదవాలంటే అవి చాలవు. రోజుకు పదిహేను అక్షరాలు, ఆదివారం నాడు వారం మొత్తం తిరగరాయడం. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, కూర్చుని రాయడమే.

1996లో విద్యార్థి వేతనం మీద ఏడాదిపాటు క్యోటో వెళ్ళాను. ఇచియో రచన నాకు దక్కింది అక్కడ. ఆమె 1872లో పుట్టి, క్షయతో 1896లో, ఇరవై నాలుగేళ్ళకే చనిపోయింది. ‘పదమూడో రాత్రి’ 1895లో వచ్చింది. చాంద్రమానం తొమ్మిదో నెల పదమూడో రాత్రి చంద్రుణ్ణి పూజించే ఆచారం జపాన్‌లో ఉంది. ఆ రాత్రి ఒసెకి అనే కూతురు, పెద్ద ఉద్యోగి అయిన భర్త మాటలు భరించలేక, ఇక తిరిగి వెళ్ళకూడదని నిశ్చయించుకుని పుట్టింటికి వస్తుంది. కొడుకు మొహం చూసి, అల్లుడి చలవ వల్ల తమ్ముడికి దొరికిన ఉద్యోగం చూసి తిరిగి వెళ్ళమని తండ్రి నచ్చజెబుతాడు. వెళుతూ ఎక్కిన రిక్షా లాగేవాడు దారి మధ్యలో ఆగిపోయి, ఇక లాగలేను, దిగిపొమ్మంటాడు. అతడు ఎవరో కాదు, చిన్నప్పుడు తాను పెళ్ళాడవలసి వస్తుందేమో అనుకున్న పొగాకు దుకాణం అబ్బాయి రోకునోసుకె.

కథ తెలుగువాళ్ళకు వివరించనవసరం లేనిది. దాని రాత మాత్రం మొదట నన్ను లోపలికి రానివ్వలేదు. ఇచియో సంభాషణలకు కొటేషన్ గుర్తులు పెట్టదు. పేజీ పొడుగునా కామాలతో సాగిపోయే వాక్యంలో తల్లి మాట, తండ్రి మాట, కూతురి మనసులోని మాట, రచయిత్రి మాట ఒకదానిలో నుంచి ఒకటి జారుతూ ఉంటాయి. ఎవరి మాట ఎక్కడ ముగిసిందో తెలియక మూడు వారాలు ఒకే పుటలో ఉండిపోయాను. ప్రాచీన భాష చెప్పే వృద్ధ ఉపాధ్యాయురాలు ఒకరు, ‘కళ్ళతో చదవకు, గొంతుతో చదువు’ అన్నారు. ఆ సాయంత్రం గదిలో పైకి చదవడం మొదలుపెట్టాను. నాలుగో వాక్యం దగ్గర నా గొంతు తనంతట తానే భీమిలిలోని మా అమ్మమ్మ గొంతు అయిపోయింది. ‘వచ్చేశానమ్మా అందిట, ఏమైందే అంటే ఏమీ లేదందిట, తండ్రేమో దీపం ఇలా పట్టుకురా అన్నాట్ట’ అంటూ మంచం మీద పడుకోబెట్టుకుని ఆమె చెప్పే కథల్లో కొటేషన్ గుర్తులు ఎక్కడ ఉన్నాయి? ‘అని’, ‘అట’ మాత్రమే ఉన్నాయి. అయినా ఎవరి మాట ఎవరిదో నాకు ఎన్నడూ అనుమానం రాలేదు. ఆ రాత్రి ఆ పుట దాటాను.

తిరిగి వచ్చాక సెమినార్‌లో ఆ కథ చివరి పుట నా వంతు వచ్చింది. చివరి వాక్యంలో ఇద్దరూ విడిపోతారు. పేర్లు ఉండవు, ‘అతడు’, ‘ఆమె’ ఉండవు. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: ఆ మనిషి తూర్పుకు, ఈ మనిషి దక్షిణానికి, పెద్దవీధి విల్లో కొమ్మలు వెన్నెల్లో ఊగుతుండగా, సత్తువ లేనట్టు వినిపించే లక్కపూత చెక్కచెప్పుల చప్పుడు, మురాతా మేడ మీదనైనా హరాదా లోపలింటనైనా, బాధ ఇద్దరికీ ఉన్న ఈ లోకంలో తలపోతలు ఎన్నో. మురాతా అనేది అతడు తలదాచుకునే చౌక సత్రం. హరాదా ఆమె అత్తవారి ఇంటిపేరు. అంటే చివరి క్షణంలో రచయిత్రి మనుషులను తప్పించి, వాళ్ళు చేరవలసిన చోట్లను మాత్రమే మన ముందు వదిలిపెట్టింది.

జర్మన్ దీనిని ఒప్పుకోదు. జర్మన్ వాక్యానికి కర్త కావాలి, కర్తకు లింగం కావాలి, క్రియ ఆ కర్తకు లోబడాలి. నేను అప్పుడు ‘అతడు తూర్పుకు వెళ్ళాడు, ఆమె దక్షిణానికి వెళ్ళింది’ అని రాసుకుని వెళ్ళాను. ఆచార్యులు చదివి, వ్యాకరణం తప్పు లేదు అన్నారు. ఆ మాట ఆయన ఎప్పుడు అంటారో మాకు తెలుసు. కాసేపు ఆగి, ‘ఆవిడ చెప్పనిదాన్ని మీరు ఎందుకు చెప్పారు?’ అని అడిగారు. భాష అడిగింది కాబట్టి అన్నాను. ‘భాష అడిగిన ప్రతిసారీ ఇస్తే మీరు చేసేది అనువాదం కాదు, పూరణ’ అన్నారాయన. జపనీసు నవలాకారుడు కవాబాతా ‘మంచుసీమ’ తొలి వాక్యంలో రైలు అన్న మాట లేదని, సరిహద్దు సొరంగం దాటగానే మంచుసీమ అని మాత్రమే ఉందని, ఇంగ్లీషు అనువాదంలో రైలే ఆ వాక్యానికి కర్త అయిందని ఆ రోజే చూపించారు. నా వృత్తి మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. జపనీసు చెప్పకుండా వదిలిన చోట జర్మన్ చేత ఎంత చెప్పించాలి, ఎంతవరకు దాని నోరు నొక్కి ఉంచాలి అన్నదే ఆ ప్రశ్న.

2000 జూన్ 30న జర్మన్ టెలివిజన్‌లో, పుస్తకాల మీద చర్చించే ‘సాహిత్య చతుష్టయం’ కార్యక్రమంలో జపాన్ రచయిత హారుకి మురాకామి నవల మీద పెద్ద గొడవ జరిగింది. విమర్శకుల్లో మార్సెల్ రైష్-రనిట్‌స్కి ఆ నవలను మెచ్చుకున్నారు, సీగ్రిడ్ లోఫ్లర్ తీవ్రంగా నిరసించారు, మాట మాట పెరిగి, ఆ తరువాత ఆమె ఆ కార్యక్రమం నుంచే తప్పుకున్నారు. దేశమంతా కొన్ని వారాలు దాని గురించే మాట్లాడింది. మా విభాగంలో మాకు తట్టిన విషయం వేరు. వాళ్ళు వాదించుకున్న పుస్తకం ఇంగ్లీషు అనువాదం నుంచి చేసిన జర్మన్ అనువాదం. అందులోని భాష మొరటుగా ఉందన్నది ఆరోపణ అయితే, ఆ మొరటుతనం జపనీసుదా, ఇంగ్లీషుదా, జర్మన్‌దా అన్నది మొదట తేల్చవలసిన సంగతి. ఆ చర్చ తరువాత పత్రికల్లో ఈ ప్రశ్న గట్టిగానే వచ్చింది. 2013లో ఉర్సులా గ్రేఫె మూలం నుంచి నేరుగా చేసిన కొత్త అనువాదం వేరే శీర్షికతో వచ్చింది. మరో జపాన్ రచయిత మిషిమా నవల ‘ముసుగు ఒప్పుకోలు’ కూడా ఇంగ్లీషు మీదుగా వచ్చిన అర్ధశతాబ్దం తరువాత, 2018లో నోరా బీరిష్ చేతి మీదుగా నేరుగా వచ్చింది. మాలాంటి వాళ్ళకు పని ఉందని ప్రచురణకర్తలకు తెలియడానికి ఒక టెలివిజన్ తగాదా కావలసివచ్చింది. అయినా తెలిసింది, అది చాలు.

2004లో డాక్టరేటు ముగించి ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధక సహాయకురాలిగా చేరాను. జర్మనీలో ఈ ఉద్యోగాలకు కాలపరిమితి చట్టం ఉంది. డాక్టరేటుకు ముందు ఆరేళ్ళు, తరువాత మామూలుగా ఆరేళ్ళు, ఆలోగా ఆచార్య పదవి రాకపోతే దారి మూసుకుపోతుంది. నేను వ్యాసాలు రాశాను, పాఠాలు చెప్పాను, రాత్రులు అనువదించాను. వార్షిక సమీక్షలో నా అనువాదాన్ని ‘ఇతర కార్యకలాపాలు’ అన్న గడిలో రాయమన్నారు. ఇరవై పుటల వ్యాసం పరిశోధన, మూడు వందల పుటల నవలను అక్షరం అక్షరం తూచి మరో భాషలో నిలబెట్టడం మాత్రం కాలక్షేపం. ఈ అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇర్మెలా హిజియా-కిర్ష్‌నెరైట్ లాంటివారు ఆచార్య పదవిలో ఉంటూనే అనువాదాలు చేసి, ఇన్సెల్ ప్రచురణాలయం కోసం జపనీసు గ్రంథమాల నడిపి, ఆ రెండు పనులూ ఒకటేనని చూపించారు. అయితే అది పదవి దొరికినవారికి సాధ్యమైన దారి. నాకు దొరకలేదు. 2011లో ఒప్పందం ముగిసింది. అప్పటి నుంచి స్వతంత్ర అనువాదకురాలిని, మధ్య మధ్య ఒక్కో సెమిస్టరుకు గంటల లెక్కన పాఠాలు చెబుతాను.

ఈ వృత్తిలోకి వచ్చే వాకిలి అనువాదం కాదు, అభిప్రాయ పత్రం. ప్రచురణ సంస్థల్లో జపనీసు చదవగల సంపాదకులు చాలా అరుదు. జపాన్ నుంచి పుస్తకం వస్తే మాలాంటివారికి పంపి, మూడు నాలుగు పుటల్లో కథ, శైలి, జర్మన్ పాఠకులకు నప్పుతుందా లేదా అన్నది రాయమంటారు. దానికి ఇచ్చే డబ్బు పుస్తకం చదవడానికి పట్టిన గంటలకు కూడా సరిపోదు. అయినా అవి శ్రద్ధగా రాయాలి, ముఖ్యంగా బాగాలేని పుస్తకాన్ని బాగాలేదని రాయాలి. నేను ‘వద్దు’ అని రాసిన ఆరు పత్రాలు చదివి నా మీద నమ్మకం కలిగిన ఒక సంపాదకురాలు ఏడోదానికి ఇరవై పుటల నమూనా అడిగారు. నా మొదటి పుస్తకం అలా వచ్చింది.

అంతకు ముందు మరో సంస్థ నా నమూనాను మెచ్చుకుని, చివరకు, ‘మీ పేరు చూస్తే జర్మన్ మీ మాతృభాష కాదనిపిస్తోంది, మా నియమం ప్రకారం మాతృభాషలోకే అనువదించాలి’ అని రాసింది. తొమ్మిదేళ్ళ వయసు నుంచి జర్మన్‌లో చదివి, జర్మన్‌లో డాక్టరేటు తీసుకుని, జర్మన్‌లోనే కలలు కంటున్న మనిషికి ఆ ఉత్తరం ఎలా ఉంటుందో చెప్పలేను. జవాబు రాయలేదు. అమ్మకు ఫోన్ చేసి చదివి వినిపిస్తే, ‘వాళ్ళకి నీ పేరు చదవడం వచ్చిందిగా, రాత చదవడం కూడా వస్తుందిలే’ అంది.

డబ్బు సంగతి దాచకుండా చెప్పాలి, అడిగినవాళ్ళు ముఖ్యంగా అడిగింది అదే. జర్మనీలో అనువాదానికి ప్రామాణిక పుట లెక్కన చెల్లిస్తారు. పుటకు 30 పంక్తులు, పంక్తికి 60 అక్షర స్థానాలు. నా మొదటి నవల 236 పుటలు వచ్చింది. పుటకు 18 యూరోల చొప్పున 4248 యూరోలు, పట్టిన కాలం పది నెలలు. ఆరోగ్య బీమా, పింఛను కంతుల్లో సగం భరించే కళాకారుల సామాజిక నిధి లేకపోతే నాలాంటివాళ్ళు ఎవరూ ఈ పనిలో నిలవలేరు. 2002లో కాపీరైటు చట్టం మారి తగిన ప్రతిఫలం అడిగే హక్కు వచ్చింది. 2009లో సమాఖ్య అత్యున్నత న్యాయస్థానం 5000 ప్రతులు దాటిన తరువాత గట్టి అట్ట పుస్తకం మీద 0.8 శాతం, పేపర్‌బ్యాక్ మీద 0.4 శాతం అనువాదకులకు ఇవ్వాలని తీర్పు చెప్పింది. నా పుస్తకాల్లో ఆ 5000 గీత దాటింది ఒక్కటే. కనుక ఈ దారిలోకి వచ్చేవాళ్ళు పక్కన పాఠాలో, దుబాసీ పనో, మరొకటో చేతిలో ఉంచుకోవడం మంచిది.

ఆ మొదటి నవల రచయిత్రి జీవించి ఉన్నారు. నా ప్రశ్నలు నలభై ఒకటి జాబితా రాసి టోక్యోకు పంపాను. వాటిలో ఎక్కువ భాగం ఒకే రకం ప్రశ్నలు. ఈ మాట అన్నది తల్లా, కూతురా? ఈ తలుపు మూసింది ఎవరు? ఆమె ఓపికగా ముప్ఫైకి పైగా జవాబులు ఇచ్చారు. పదకొండో అధ్యాయంలోని ఒక వాక్యం దగ్గర మాత్రం, ‘ఏడ్చింది ఎవరో నేనూ నిర్ణయించుకోలేదు, మీరూ నిర్ణయించకండి’ అని రాశారు. జర్మన్‌లో ఎవరూ ఏడవకుండా ఏడుపు ఉండాలి. రెండు రోజులు దాని మీదే కూర్చున్నాను. చివరికి ఏడుపును క్రియ నుంచి తప్పించి నామవాచకం చేసి, పక్క గది నుంచి వినిపించేలా పెట్టాను.

2014లో ష్ట్రాలెన్‌లోని యూరోపియన్ అనువాదకుల నిలయంలో నెల రోజులు ఉన్నాను. నెదర్లాండ్స్ సరిహద్దు దగ్గర చిన్న ఊరు. 1978లో స్థాపించిన ఆ ఇంట్లో గోడలన్నీ పుస్తకాలే, వంటగది దాకా నిఘంటువులు. రాత్రి పదింటికి బల్ల చుట్టూ ఒకరు ఫిన్నిష్ నుంచి, ఒకరు పోర్చుగీసు నుంచి తెచ్చుకున్న చిక్కుముళ్ళు విప్పుతూ ఉంటారు. ఒంటరిగా చేసే పనికి సంఘం ఉందని నాకు అక్కడ తెలిసింది. నిఘంటువుల మాట వచ్చింది కనుక మరొకటి చెప్పాలి. మా తరం 1937 నాటి కిమురా నిఘంటువు మీద చదువుకుంది. మూడు సంపుటాల కొత్త జపనీసు-జర్మన్ మహా నిఘంటువులో మొదటిది, ఎ నుంచి ఐ వరకు, 2009లో వచ్చింది. జె నుంచి ఎన్ వరకు 2015లో, ఓ నుంచి జెడ్ వరకు 2022లో. ఆ పదమూడేళ్ళలో ఎన్ దాటిన మాట ఎదురైతే ఉల్రిష్ ఆపెల్ మొదలుపెట్టిన అంతర్జాల నిఘంటువు వదోకు, పాత కిమురా, స్నేహితుల ఫోన్లే దిక్కు. మూడో సంపుటం చేతికి వచ్చిన రోజు పని మానేసి సాయంత్రం దాకా అది చదువుతూ కూర్చున్నాను.

2018లో ఒక చిన్న ప్రచురణ సంస్థ మెయ్‌జి కాలపు (1868–1912) కథల సంకలనం అడిగితే, ఇచియో లేకుండా చేయనన్నాను. అలా ‘పదమూడో రాత్రి’ మళ్ళీ నా బల్ల మీదకు వచ్చింది. ఈసారి సంపాదకురాలితో మొదటి పేచీ సంబోధన దగ్గర వచ్చింది. జపనీసులో ‘నువ్వు’, ‘మీరు’ అనకుండానే ఎన్నో మాటలు నడిచిపోతాయి, మర్యాద అంతా క్రియల తోకల్లో ఉంటుంది. జర్మన్‌లో చనువుగా పిలిచే ‘డు’నో, మర్యాదగా పిలిచే ‘జీ’నో ఎంచుకోకుండా నోరు తెరవలేం. రిక్షావాడిని గుర్తుపట్టిన క్షణం నుంచి ఒసెకి చేత ‘డు’ అనిపించాను, అతడి చేత చివరిదాకా ‘జీ’ అనిపించాను. సంపాదకురాలు, ‘ఇది చిన్ననాటి చనువులా లేదు, దొరసాని నౌకరును పిలిచినట్టుంది’ అన్నారు. ఆమె మాట నిజం. మనకూ అంతే కదా, ‘నువ్వు’లో ఆప్యాయత ఉంది, అధికారమూ ఉంది. చివరికి గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచిన ఆ ఒక్క వాక్యంలో ‘డు’ ఉంచి, తరువాత ఆమె తనను తాను సర్దుకుని ‘జీ’లోకి వెళ్ళేలా మార్చాను. రాసి చూసుకుంటే, ఆ సర్దుకోవడంలోనే వాళ్ళ మధ్య గడిచిపోయిన ఏళ్ళు కనిపించాయి.

‘పుట్టిల్లు’ మరో చిక్కు. ఈనాటి జపనీసులో ‘జిక్కా’ అంటే దాదాపు మన పుట్టిల్లే. జర్మన్‌లో ‘తల్లిదండ్రుల ఇల్లు’ అనగలరు కాని, దాని వెనక నీడలా అత్తిల్లు నిలబడదు. తిరిగి వెళ్ళిపోవలసిన ఇల్లు అన్న బరువు ఆ మాటకు లేదు. దానికి నేను పరిష్కారం కనుక్కోలేదు. తండ్రి మాటల్లో ఒకచోట ‘ఈ ఇల్లు’, ‘ఆ ఇల్లు’ అని విడదీసి, మిగతాది పాఠకులకు వదిలాను.

ఇక చివరి వాక్యం. ‘అతడు’, ‘ఆమె’ తీసేశాను. ‘ఒకరు’, ‘మరొకరు’ పెడితే జర్మన్‌లో ముందుండే ఉపపదమే లింగం చెప్పేస్తుంది. ‘మెన్ష్’, అంటే మనిషి అన్న మాట వ్యాకరణంలో పుంలింగమే అయినా ఆడవారికీ మగవారికీ చెల్లుతుంది. ‘అక్కడి మనిషి తూర్పుకు, ఇక్కడి మనిషి దక్షిణానికి’ అని, క్రియ లేకుండా రాశాను. సంపాదకురాలు పెన్సిలుతో అంచున పెద్ద ప్రశ్నార్థకం పెట్టి పంపారు. ‘పాఠకులు ఇద్దరూ మగవాళ్ళనుకుంటారు, క్రియ ఏది?’ అన్నారు. ఫోన్ చేసి, చివరి పుటంతా ఆమెకు పైకి చదివి వినిపించాను. విల్లో కొమ్మల దగ్గరకు వచ్చేసరికి ఆమె అటు నుంచి ఏమీ అనలేదు. ముగిసిన తరువాత, ‘ఉంచండి’ అన్నారు.

‘హరాదా లోపలింట’ అన్న చోట మాత్రం ఇద్దరికీ తృప్తి కలగలేదు. అక్కడ మూలంలో ఉన్నది ‘ఒకు’. ఇంటి లోతట్టు భాగం అని అర్థం, భార్యను గౌరవంగా పిలిచే మాటా దాని నుంచే పుట్టింది, మన ‘ఇల్లాలు’లో ఇల్లు ఉన్నట్టు. ‘వెనక గదులు’ అంటే పనివాళ్ళ గదుల్లా ఉంది, ‘అంతఃపురం’ అనే అర్థం వచ్చే మాట పెడితే రాజుల కథ అయిపోతోంది. ప్రూఫులు తిరిగి పంపవలసిన ముందు రోజు అమ్మతో మాట్లాడుతూ ఈ సంగతి చెప్పాను. వాక్యం తెలుగులో చెప్పమంది. చెప్పాను.

‘మళ్ళీ కలిశారా వాళ్ళు?’ అంది.

‘కథ అక్కడితో అయిపోయిందమ్మా.’

‘మీ అమ్మమ్మ కూడా వీధి గదిలోకి వచ్చేది కాదే. ఎవరొచ్చి అడిగినా లోపలున్నారు అనేవాళ్ళం. గది పేరు చెప్పేవాళ్ళం కాదు’ అంది అమ్మ.

ఫోన్ పెట్టేశాక ప్రూఫులో ఆ పంక్తి తీసి ‘వెనక గదులు’ కొట్టేశాను. ‘డ్రినెన్’ అని రాశాను, లోపల అని మాత్రమే అర్థం. దాని పక్కన ‘హరాదా వారి ఇంట’ అని పెట్టాను, జర్మన్‌లో కూడా ఇల్లు అన్న మాట వంశాన్ని సూచిస్తుంది కనుక. మర్నాడు ఉదయం ఆ పుట స్కాన్ చేసి పంపాను.